పసివాళ్ళ బడిలో ధ్రువాల వారం

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో ఆరు నెలలు ఉండి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండమ్మా అని కార్యదర్శిగారు అడిగారు. అమెరికా రోడ్ల గురించి, నయాగరా గురించి ఈ వేదిక మీద ఇప్పటికే చాలామంది చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. అందుచేత ఆ జోలికి పోవడం లేదు. కిందటి జనవరిలో ఒక వారంపాటు న్యూజెర్సీలో ఒక పసిపిల్లల బడిలో మూల కుర్చీలో కూర్చుని చూసిన సంగతులు మాత్రం మనవి చేస్తాను. ముప్ఫైనాలుగేళ్ళు మీ అందరిలాగే పోస్టాఫీసు కౌంటర్లోనూ సార్టింగ్ కేసు ముందరా గడిపినదాన్ని. పాఠాలు చెప్పిన అనుభవం లేదు. కానీ మనలో సగంమందికి రిటైరయ్యాక దొరికిన రెండో ఉద్యోగం మనవల్ని చూసుకోవడమే కదా. జీతం లేదు, సెలవు లేదు, డి.ఏ. అసలే లేదు. ఆ ఉద్యోగంలో పనికొచ్చే సంగతులు కనుక చెబుతున్నాను.

నాకు ఇద్దరు మనవలు. ఇద్దరికీ నాలుగేళ్ళు దాటాయి, మూడు నెలల తేడా. మనవరాలు మా అమ్మాయి కూతురు, అమెరికాలో ఉంటుంది. మనవడు మా అబ్బాయి కొడుకు, ఇక్కడే రాజమండ్రిలో నా చేతుల మీద పెరుగుతున్నాడు. వాణ్ణి ఎల్.కె.జి.లో వేశారు. రోజూ సాయంత్రం రెండు పేజీల హోంవర్కు తెస్తాడు. ఒక పేజీ నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలు, ఇంకో పేజీ గళ్ళ పుస్తకంలో ఒకటి నుంచి యాభై దాకా అంకెలు. పెన్సిలు అదిమి పట్టుకుని వేళ్ళు ఎర్రగా కందిపోతాయి. ముప్ఫై దగ్గరకు వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు కనుక పక్కన కూర్చుని రాయించవలసింది నేనే. ఇక్కడ వీడు ఏడుస్తూ యాభై దాకా రాస్తుంటే, అక్కడ అదే ఈడు పిల్ల సంచీలో పుస్తకమన్నది లేకుండా బడికి వెళ్ళి వస్తోంది. ఈ ఇద్దరిలో వెనకబడిపోతున్నది ఎవరు? విమానం ఎక్కేటప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న ఇదే.

మనవరాలి బడి మాంటిస్సోరి పద్ధతిలో నడిచేది. ఈ పేరు మన ఊళ్ళలో కూడా వీధికొక బోర్డు మీద కనబడుతుంది. ఆ పేరు మీద ఎవరికీ ప్రత్యేకమైన హక్కు లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. బోర్డు చూసి ఫీజు కట్టేకంటే లోపలికి వెళ్ళి ఒక గంట కూర్చుని చూడడం మంచిదని నా అభిప్రాయం. నేను వెళ్ళిన బడిలో అలా చూసేవాళ్ళ కోసమే ఒక కుర్చీ వేసి ఉంచారు. తల్లిదండ్రులుగానీ తాతలు, అమ్మమ్మలుగానీ ముందు చెప్పి వచ్చి ఆ కుర్చీలో కూర్చోవచ్చు. షరతు ఒక్కటే, మాట్లాడకూడదు. నాకది మొదటి రోజు చాలా కష్టమైంది.

మేరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు వైద్యురాలు. 1907లో రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో కూలివాళ్ళ పిల్లల కోసం మొదటి బడి పెట్టింది. ఇప్పుడిది డబ్బున్నవాళ్ళ చదువనుకుంటున్నాం గానీ పుట్టింది అక్కడ. ఆవిడకు మన దేశంతో ఉన్న సంబంధం కూడా చెప్పుకోదగ్గది. అడయారు దివ్యజ్ఞాన సమాజంవారు పిలిస్తే 1939లో మద్రాసు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఇంతలో యుద్ధం. ఇటలీ శత్రుపక్షంలో చేరడంతో 1940లో బ్రిటిషు ప్రభుత్వం ఆవిడ కొడుకు మేరియోను నిర్బంధంలో పెట్టింది. ఆవిడను అడయారు దాటి కదలనివ్వలేదు. ఆ ఏడాది ఆగస్టు 31న ఆవిడకు డెబ్భై ఏళ్ళు నిండితే, పుట్టినరోజు కానుకగా కొడుకును విడిచిపెట్టారు. తర్వాత కొన్నేళ్ళు కొడైకెనాల్‌లో ఉన్నారు. 1946లో యూరప్ వెళ్ళి, మళ్ళీ వచ్చి, 1949 దాకా ఈ దేశంలో శిక్షణలిచ్చారు. రాయిని, చెట్టును, జంతువును, మనిషిని కలిపి ఒకే కథగా పిల్లలకు చెప్పాలన్న ఆలోచన కొడైకెనాల్ రోజుల్లోనే గట్టిపడిందంటారు. అంటే న్యూజెర్సీలో నేను చూసినదాంట్లో కొంత మన పక్క రాష్ట్రం కొండమీద తయారైన సరుకే.

ఇక ఆ గది. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. బెంచీలు లేవు. పిల్లల నడుము ఎత్తున అరలు, అరల్లో ట్రేలు. ఒక్కో ట్రేలో ఒక్కో పని. పిల్ల తనకు కావలసిన ట్రే తీసుకుని, చిన్న చాప పరచుకుని, పని చేసుకుని, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేస్తుంది. చాప చుట్టడం కూడా పాఠమే. ఒక ట్రే ఒకటే ఉంటుంది, రెండోది ఉండదు. ఇంకొకరు చేస్తుంటే ఆగవలసిందే. టీచరమ్మ గొంతు నాకు రోజంతా నాలుగైదుసార్లకంటే వినబడలేదు.

జనవరిలో బయట మోకాలెత్తు మంచు. ఆ వారం అరల మీద ట్రేలన్నీ ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం సరుకుతో నిండాయి. మొదటి రోజు టీచరమ్మ రెండు గోళాలు తెచ్చింది. ఒకదాని మీద నేల ఉన్నచోట గరుకు కాగితం అంటించి ఉంటుంది, సముద్రం నున్నగా నీలంగా ఉంటుంది. పిల్లలు కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి ఇది నేల, ఇది నీరు అని చెప్పాలి. రెండోదాని మీద ఖండానికొక రంగు. ఆసియా పసుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, అంటార్కిటికా తెలుపు. మనవరాలు గరుకు గోళం నెత్తిన వేలుపెట్టి "ఇక్కడ నున్నగా ఉంది" అంది. కింద వేలుపెట్టి "ఇక్కడ గరుకుగా ఉంది" అంది. టీచరమ్మ అవునంది, అంతే.

ఆ అవును వెనక ఎంత భూగోళముందో చూడండి. ఉత్తర ధ్రువం సముద్రం. చుట్టూ రష్యా, కెనడా, గ్రీన్‌లాండు వంటి నేలలు, మధ్యలో గడ్డకట్టిన నీరు. దక్షిణ ధ్రువం నేల. 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్ల ఖండం, దానిమీద సగటున రెండు కిలోమీటర్ల మందాన మంచు, చుట్టూ సముద్రం. చిన్నప్పుడు మనం బట్టీపట్టి పరీక్షలో రాసి మరిచిపోయిన సంగతి నాలుగేళ్ళ పిల్ల వేలికొసకు తెలిసింది. తర్వాత టీచరమ్మ రెండు పళ్ళేలు తెచ్చింది. ఒకదాంట్లో మధ్య మట్టిదిబ్బ, చుట్టూ నీళ్ళు పోసే వీలు. ఇంకోదాంట్లో చుట్టూ మట్టి, మధ్యలో గుంట. ద్వీపం, సరస్సు నేర్పడానికి ఈ బడుల్లో ఎప్పుడూ వాడే పళ్ళేలే. నీళ్ళు పిల్లలే పోశారు. పోశాక ఒక ఐదేళ్ళ కుర్రాడు అంటార్కిటికా తెల్లముక్క తెచ్చి దిబ్బ పక్కన పెట్టాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.

నేను ముప్ఫైనాలుగేళ్ళు చేసిన పని రెండో రోజు అక్కడ కనబడింది. ఒక బుట్టలో జంతువుల బొమ్మకార్డులు. చాప మీద రెండు చోట్లు, ఉత్తరం, దక్షిణం. కార్డు తీసి దాని చోట పెట్టాలి. అచ్చంగా సార్టింగ్. తెల్ల ఎలుగుబంటి ఉత్తరం. వాల్రస్ ఉత్తరం. రెయిన్‌డీర్ ఉత్తరం. ఎంపరర్ పెంగ్విన్ దక్షిణం. ఐస్‌క్రీం బండ్ల మీద, పిల్లల కార్టూన్లలో ఎలుగుబంటీ పెంగ్వినూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడతాయి కదండీ. ఆ రెండూ తమంతట తాము కలుసుకున్నది ఎన్నడూ లేదు. ఒకటి భూమికి ఈ కొసన, ఒకటి ఆ కొసన. కార్డు వెనక చిన్న చుక్క ఉంటుంది, ఉత్తరానికి నీలం, దక్షిణానికి ఎరుపు. పిల్ల తనే తిప్పి చూసి తప్పైతే తనే మార్చుకుంటుంది. ఎర్ర సిరా దిద్దుబాటు లేదు, మొహం ముడుచుకునే టీచరు లేదు. ఈ చుక్క నాకు బాగా నచ్చింది.

మనవరాలు చకచకా పెట్టుకుంటూ పోయి ఒక కార్డు దగ్గర ఆగింది. ఆర్కిటిక్ టెర్న్ అని ఒక చిన్న పక్షి, వంద గ్రాముల బరువు. వెనక రెండు చుక్కలూ ఉన్నాయి. అది ఉత్తరాన వేసవి గడిపి, అక్కడ చలి మొదలవగానే బయలుదేరి దక్షిణ ధ్రువం దాకా వెళ్ళి అక్కడ వేసవి గడుపుతుంది. గ్రీన్‌లాండు నుంచి బయలుదేరిన పక్షులకు చిన్న పరికరాలు కట్టి చూస్తే ఏడాదికి సగటున 70 వేల కిలోమీటర్లు తిరుగుతున్నాయని 2010లో ప్రకటించారు. ఆ పిల్ల కార్డు పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. లేచి టీచరు దగ్గరకు పోలేదు. చివరికి రెండు చోట్లకూ మధ్యన, ఖాళీ చాప మీద పెట్టింది. మన భాషలో చెప్పాలంటే ట్రాన్సిట్ సంచీలో వేసింది. నేను కుర్చీలోంచి లేచి ముద్దుపెట్టుకోకుండా ఎలా ఆగానో నాకే తెలియదు.

ఇక డాల్డా సంగతి. మూడో రోజు గదిలో ఒక బకెట్టు నిండా మంచుముక్కలు, నీళ్ళు. పక్కన ట్రేలో ఒక ప్లాస్టిక్ సంచీలో ఇంకో సంచీ, రెంటి మధ్యా గట్టి కొవ్వు కూరి ఉంది. అక్కడ డబ్బాలో అమ్ముతారు, చూడ్డానికి మన డాల్డానే. పిల్ల ఒక చేయి సంచీలో దూర్చి, ఇంకో చేయి ఉత్తగా, రెండూ ఒకేసారి బకెట్లో పెట్టాలి. ఎంతసేపు ఉంచగలిగితే అంతసేపు పక్కనున్న పిల్ల అంకెలు లెక్కపెడుతుంది. ఉత్త చేయి ఎనిమిది, పది దగ్గర బయటకు వచ్చేసింది. డాల్డా చేయి అరవై దాటినా అలాగే ఉంది. పక్కపిల్ల గొంతు అలిసిపోయి ఇక చాలు తీసెయ్ అంది. సీలు, వాల్రస్, తిమింగలం, తెల్ల ఎలుగుబంటి చర్మం కింద ఇలాంటి కొవ్వు పొర ఉంటుంది, లోపలి వేడిని బయటకు పోనివ్వదు. ఈ మాట టీచరమ్మ చెయ్యి బయటకు తీసిన తర్వాతే చెప్పింది, ముందు చెప్పలేదు. ముందు చేయి, తర్వాత మాట. ఆ వారమంతా వరస ఇదే.

సాయంత్రం ఇంటికి వచ్చి చెబితే మావారు పేపరు దించి, "డాల్డాలో చెయ్యి పెట్టించడానికా ఇంత ఫీజు?" అన్నారు. నేను లెక్క వేసి చెప్పాను. అంకెలు లెక్కపెట్టిన ఆ పిల్లకు నాలుగున్నర ఏళ్ళు. ఒకటి నుంచి అరవై దాకా ఎక్కడా తడబడలేదు. స్నేహితురాలి చెయ్యి మంచులో ఉంది కనుక తడబడడానికి వీల్లేదు మరి. మన మనవడు రోజూ యాభై దాకా రాస్తాడు, గళ్ళు నింపుతాడు. ముప్ఫైతొమ్మిది తర్వాత ఏమిట్రా అని నోటితో అడిగితే బిక్కమొహం వేస్తాడు. మావారు మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు. ఆయన ఒప్పుకున్నారని నేను చెప్పను.

పెంగ్విన్ గురించి ఒక్క మాట. ఎంపరర్ పెంగ్విన్‌లలో తల్లి గుడ్డు పెట్టి తండ్రికి అప్పజెప్పి సముద్రానికి పోతుంది. తండ్రి దాన్ని పాదాల మీద పెట్టుకుని, పొట్ట చర్మం కప్పి, నడి చలికాలంలో సుమారు 65 రోజులు పొదుగుతాడు. ఆ రోజుల్లో తిండి లేదు. ఆ ఖండంలో 1983 జూలై 21న వోస్తోక్ అనే చోట సున్నాకు కింద 89.2 డిగ్రీల చలి నమోదైంది. పెంగ్విన్‌లు ఉండే తీరాన అంత ఉండదు గానీ అదీ మనం ఊహించగలిగిన చలి కాదు. పిల్లలు ఇసుక సంచులు పాదాల మీద పెట్టుకుని, నేల మీద గీసిన గీత వెంబడి పడిపోకుండా నడిచారు. అన్నం తినిపించడం, స్నానం చేయించడం అమ్మ పనేననుకునే తండ్రులు మన హాల్లో ఉన్నారేమో, వారి దృష్టికి తెస్తున్నాను.

ధ్రువాల దగ్గర మనుషుల గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఎస్కిమోలు, ఇగ్లూలు, కుక్కలు లాగే బండి అని ఉండేది, గుర్తుందా? కెనడా, గ్రీన్‌లాండుల్లో వాళ్ళు తమను ఇన్యూట్ అని పిలుచుకుంటారు, ఆ పాత పేరు చాలామందికి ఇష్టం లేదు. మంచు ఇల్లు వేటకు వెళ్ళినప్పుడు వేసుకునే తాత్కాలిక వసతి. ఇప్పుడు వాళ్ళు ఉండేది చెక్క ఇళ్ళల్లో, తిరిగేది మోటారు బండ్ల మీద. టీచరమ్మ ఆ ఇళ్ళ ఫోటోలు కూడా అరలో పెట్టింది. భూమి వేడెక్కడం, మంచు కరగడం గురించి ఏమైనా చెబుతుందేమోనని చూశాను. మూడేళ్ళ పిల్లలకు భయం పెట్టే మాటలు చెప్పనంది. ఆరేళ్ళవాళ్ళకు మాత్రం రెండు గాజుగిన్నెలు ఇచ్చింది. ఒకదాంట్లో మంచుముక్క నీళ్ళలో తేలుతోంది, ఒకదాంట్లో నీళ్ళలోంచి పైకి ఉన్న రాయి మీద ఉంది. నీటిమట్టం దగ్గర గీత పెట్టారు. మధ్యాహ్నానికి రెండూ కరిగాయి. తేలేది కరిగినా నీరు గీత దాటలేదు. రాతి మీదది కరిగాక దాటింది. ఉత్తరాన తేలే సముద్రపు మంచుకూ, దక్షిణాన నేల మీది మంచుకూ ఉన్న తేడా అది. మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే ఆ గిన్నెలు చూసిన తర్వాతే తెలిసింది.

గురువారం రాత్రింబవళ్ళ పాఠం. కొంచెం వంచిన గోళం మీద చీకటిగదిలో టార్చిలైటు వేసి తిప్పారు. ఎంత తిప్పినా నెత్తిన వెలుగు పడదు, అడుగున చీకటి పడదు. జనవరి కదా, ఉత్తర ధ్రువంలో అంతా రాత్రి, దక్షిణ ధ్రువంలో అంతా పగలు. సంక్రాంతి వెళ్ళి రెండు రోజులైంది. రాత్రి పడుకోబెడుతూ మనవరాలికి చెప్పాను. మనకు ఒక ఏడాది దేవతలకు ఒక రోజని పెద్దలు అనేవారు, ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. "వాళ్ళు నార్త్ పోల్‌లో ఉంటారా అమ్మమ్మా?" అంది. మేరు పర్వతం మీద ఉంటారన్నాను. సూర్యసిద్ధాంతంలో ఆ మేరువును చెప్పింది కూడా ఉత్తర ధ్రువం దగ్గరే. "మరి చలెయ్యదా?" అంది. దేవతల కొవ్వు గురించి నా దగ్గర సమాచారం లేదు.

శుక్రవారం టీచరమ్మ నన్ను అడిగింది, మీ దేశంవాళ్ళు ధ్రువాలకు వెళ్ళారా, పిల్లలకు ఐదు నిమిషాలు చెబుతారా అని. వారం రోజులు నోరు మూసుకుని కూర్చున్నదాన్ని. పైగా ఇది మన శాఖకు సంబంధించిన విషయం.

మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర 1981 డిసెంబరులో గోవా నుంచి బయలుదేరింది. డాక్టర్ ఎస్.జెడ్. ఖాసిం నాయకుడు. 1982 జనవరి 9న మనవాళ్ళు ఆ మంచు మీద కాలుపెట్టారు. 1983లో దాని మీద తపాలా బిళ్ళ కూడా విడుదలైంది, మనలో కొందరు కౌంటర్లో అమ్మే ఉంటారు. తర్వాత దక్షిణ గంగోత్రి అనే కేంద్రం కట్టారు. 1984లో అక్కడ మన శాఖవారు పోస్టాఫీసు పెట్టారు, గోవా కింద నడిచేది. ఆ కేంద్రం మంచులో కూరుకుపోతూ ఉంటే వదిలేసి, గట్టి రాతినేల మీద మైత్రి కేంద్రం నిర్మించి 1989లో అక్కడికి మారారు. 2012లో భారతి అనే మూడో కేంద్రం వచ్చింది. 2024లో భారతిలో కూడా తపాలా కార్యాలయం తెరిచారు. ఉత్తరాన నార్వేవారి స్వాల్‌బార్డులో 2008 నుంచి హిమాద్రి ఉంది. ధ్రువ పరిశోధన కేంద్రం గోవాలో ఉంది, ఉత్తరాలు అక్కడ చేరతాయి. ఏడాదికొకసారి యాత్రకు వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళి, అక్కడి ముద్ర వేసి, వెనక్కు తెచ్చి, మామూలు తపాలాలో పంపిస్తారు. ఈమెయిలు రోజుల్లో ఆ ముద్ర కోసం ఏడాది కాచుకునేవాళ్ళున్నారు.

పిల్లలకు ఇదంతా చెప్పలేదు. మా అమ్మాయి చేత ఒక చెక్క ముద్ర చేయించి తీసుకెళ్ళాను. "మా దేశంవాళ్ళు పెంగ్విన్‌లుండే చోట పోస్టాఫీసు పెట్టారు. నేను పోస్టాఫీసులో పని చేశాను" అన్నాను. అప్పటిదాకా మూల కుర్చీలో ముసలమ్మగా ఉన్నదాన్ని ఒక్కసారిగా పెద్ద అధికారినైపోయాను. ఇరవైమంది పిల్లలు వరసలో నిలబడి బొమ్మలు గీసిన కాగితాలు ఇచ్చారు, ఒక్కోదాని మీద ముద్ర కొట్టాను. కౌంటర్లో కొట్టినట్టే, రెండు చప్పుళ్ళతో. ఒక మూడేళ్ళవాడు తన కాగితం తీసుకుని మళ్ళీ వరస చివరకు పోయి నిలబడ్డాడు. అలా నాలుగుసార్లు వచ్చాడు.

ఇప్పుడు రాజమండ్రి సంగతి. ఏప్రిల్ ఆఖరున తిరిగొచ్చాను, మనవడికి వేసవి సెలవులు. బడివాళ్ళు సెలవుల హోంవర్కు అని యాభై పేజీలు ఇచ్చారు. కోడలితో మాట్లాడాను. పిల్లవాడి చదువు గురించి ఆ అమ్మాయికి ఉన్న దిగులు తీసిపారేయదగ్గది కాదు. "అత్తయ్యా, జూన్‌లో యు.కె.జి.కి టెస్టు పెడతారు, వీడు రాయకపోతే సెక్షను మారుస్తారు" అంది. 2020 జాతీయ విద్యావిధానంలో మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటలతో, చేసి చూపించి నేర్పాలని ఉన్నమాట నిజమే. విధానం ఢిల్లీలో ఉంది, టెస్టు మా వీధి చివర ఉంది. చివరికి రోజుకు ఒక పేజీ అని రాజీ కుదిరింది, మిగిలిన పొద్దు నాది.

ధ్రువాల వారాన్ని రోహిణీ కార్తెలో మొదలుపెట్టాను. చెయ్యాలనుకునేవారికి పనికొచ్చే రెండు మూడు సంగతులు. మన ఎండకు డాల్డా సంచీలో జారిపోతుంది, ముందు ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. గరుకు గోళం కొననక్కర్లేదు, పాత రబ్బరుబంతి మీద గరుకు కాగితం ముక్కలు అంటిస్తే చాలు. గిన్నెలో బొమ్మ వేసి నీళ్ళు గడ్డకట్టించి, ఉప్పు ఇచ్చి కరిగించమంటే గంటసేపు కదలడు. కానీ ఉప్పు కలిపిన మంచులో చేయి మాత్రం పెట్టనివ్వకండి, అది సున్నాకు చాలా కిందకు దిగి చర్మాన్ని దెబ్బతీస్తుంది. కుల్ఫీ గడ్డకట్టేది ఆ చలికే. కార్డులకు పాత పత్రికల్లో బొమ్మలు కత్తిరించాను, వెనక చుక్కలు పెట్టాను. అన్నిటికంటే ముఖ్యం, పిల్లవాడు ఆలోచిస్తున్నప్పుడు మనం అందించకూడదు. కోడలికి వంట నేర్పిన మనబోటివాళ్ళకు ఇది అన్నిటికంటే కష్టం.

మనవడు మొదటి రోజు ఉత్త చేయి ఏడు దాకా ఉంచాడు. వారం తర్వాత డాల్డా చేయి పెట్టి తనే లెక్కపెట్టుకున్నాడు. ముప్ఫైతొమ్మిది దగ్గర ఆగాడు. నేను మాట్లాడలేదు. "నలభై" అన్నాడు. ఆ రోజు వాళ్ళమ్మ ఆఫీసు నుంచి త్వరగా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. ఏమీ అనలేదు. చెప్పులు విప్పి వచ్చి, తనూ ఒక చేయి బకెట్లో పెట్టింది. జూన్‌లో టెస్టుకు ఆ యాభై దాకా రాశాడు, రాత వంకరగానే ఉంది. టెర్న్ కార్డు దగ్గర ఏం చేశాడని అడుగుతారేమో. వాడు దాన్ని చాప మీద పెట్టలేదు. చేత్తో పట్టుకుని రెండు చోట్లకూ మధ్య అటూ ఇటూ పరిగెత్తాడు, ఇది ఎక్కడా ఆగదు నాన్నమ్మా అంటూ.

అధ్యక్షులవారి అనుమతితో ఒక విన్నపం. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఈ హాలు మనవలకు ఇద్దాం. బకెట్లు సంఘానివి ఉన్నాయి. డాల్డా, సంచులు నేను తెస్తాను. మంచుగడ్డ బాధ్యత కార్యదర్శిగారు తీసుకుంటామన్నారు. ముద్ర నా దగ్గరే ఉంది, స్టాంపు ప్యాడు ఎండిపోయింది, కొత్తది ఎవరైనా తెచ్చిపెట్టాలి. పిల్లలకు మార్చుకోవడానికి ఒక జత బట్టలు, ఒక తువ్వాలు మరిచిపోకండి. నేల తుడవడానికి తాతయ్యలు ముందుగా పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.